బెత్తెడు దూరం

పాత పోస్టాఫీసు దాటాక
ఎండుచేపల వాసన మొదలయ్యే మలుపులో మా కొట్టు.
ఓడల దుర్భిణులకు పట్టిన బూజు తుడుస్తాను.
విశాఖ ఉప్పుగాలి అద్దాన్ని కూడా తింటుంది,
మెల్లగా, అంచుల్నించి లోపలికి.

ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం
హుకుంపేట అవతల్నించి గెమ్మెలి సుక్కన్న వచ్చాడు.
సంచిలో తువ్వాలు, తువ్వాల్లో ప్లాస్టిక్ కవరు,
కవర్లో నాలుగు మడతల కాగితం:
పంట మీద పడే అడవిపందుల్ని కాల్చడానికి అనుమతి,
ఆర్నెల్లకి.
"తుపాకీ మా తాతదమ్మా, బాగానే ఉన్నాది.
కన్నే నాది, పాతబడిపోనాది."
మిరియాలమ్మిన నాలుగువేల రెండొందలు
బల్ల మీద పెట్టాడు గానీ
పైనుంచి చెయ్యి తియ్యలేదు.

మొదటి స్కోపు మూడువేల ఐదొందలు, డబ్బా మీద పులి.
తొమ్మిది రెట్లు చూపిస్తానంటుంది. అబద్ధం కాదు,
తొమ్మిది రెట్ల మసక.
రెండోది సెకండ్ హ్యాండు, ఆరువేలు.
నాలుగే రెట్లు, గొట్టం నిండా గీతలు,
లోపలి గాజు మాత్రం తల్లిపాలు తాగిన గాజు.
మూడోది నేను చూపించలేదు.
అదేటని అతనే అడిగాడు.
ముప్పైవేలన్నాను. నవ్వాడు.
"సూత్తే డబ్బులు తీసుకోరు కదా?"

గాజుని గదిలో చూసి కొనకూడదని మా నాన్న అనేవాడు.
పందులు పగలు రావు.
అందుకని మేడెక్కి, దీపాలు పెట్టే వేళదాకా కూర్చున్నాం.
డాల్ఫిన్ కొండ మీద లైట్‌హౌసు కన్ను తెరిచింది.
కాలువలోంచి ఒక ఓడ లోపలికొస్తోంది.

ముప్పైవేల గాజులో
ఓడ కమ్మీకి ఆనుకుని ఒకడు నారింజ ఒలుస్తున్నాడట.
తొక్క తెగకుండా.
చెబుతూ చెబుతూ సుక్కన్న
నిప్పు ముట్టుకున్నట్టు గొట్టం దించేశాడు.
"గీత ఆడి మీద పడిందమ్మా."
తుపాకీ లేదు కదయ్యా, ఉత్త గొట్టమే కదా అన్నాను.
చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

తర్వాత పులిబొమ్మది పట్టుకున్నాడు చాలాసేపు.
"ఇది సాలు. ఇందులో అన్నీ నల్లగున్నాయి.
నల్లగుంటే సెయ్యి ఒణకదు."

ఖరీదు తగ్గించమంటే తగ్గించేదాన్ని.
ఈ మాటకే కోపమొచ్చింది.
నలుపుని చూసి కాల్చినవాడికి కాలే దొరుకుతుంది సుక్కన్నా,
కాలు విరిగిన పంది ఎన్నాళ్లు బతుకుతుందో
నాకంటే నీకే తెలుసు.
తెలుసు కాబోలు, చాలాసేపు మాట్లాడలేదు.
కిందికి దిగేటప్పుడు, మెట్ల మీద,
"మద్దిదే ఇయ్యండి. మిగతాది పసుపు తవ్వాక."

చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాను:
కంటికీ గాజుకీ బెత్తెడు దూరం ఉండాలి.
కాస్త ఎక్కువైనా ఫరవాలేదు.
తక్కువైతే తుపాకీ తన్నినప్పుడు కనుబొమ్మ చీలుతుంది.
మా నాన్నకి ఉండేది ఆ నెలవంక.
జీవితంలో ఒక్కసారి, ఎవరో నేవీ ఆయన ఇస్తే,
సరదాకి పేల్చాడు.

మాఘంలో వచ్చాడు.
పద్దెనిమిది వందలు, పైన పసుపు కొమ్ముల పొట్లం.
కుడి కనుబొమ్మ మీద నెలవంక,
ఇంకా లేతగా, గులాబీరంగులో.

"బెత్తెడన్నాను కదయ్యా."
"అన్నారమ్మా."
వేలితో తడుముకున్నాడు.
"ఎంత బాగా కనిపించిందో.
ఇంకా దగ్గరికెల్లాలనిపించింది."

తగిలిందా అని నేను అడగలేదు.
డబ్బు లెక్కపెట్టాను, పొట్లం విప్పి వాసన చూశాను,
అద్దాలు తుడిచే గుడ్డకి పసుపంటింది.
తలెత్తితే మనిషి లేడు.
మేడ మీదున్నాడు, వట్టి చేతుల్తో,
కాలువ వైపు తిరిగి.

"ఈయేళ ఓడ నేదా అమ్మా?"

లేదన్నాను.